తక్కెడ చెప్పిన అంకె తెర మీదికి ఎలా వస్తుంది?

కొన్నేళ్ల కిందట నేను ఒక పల్లెటూరి శాఖలో బంగారు రుణాల కౌంటర్ చూసేదాన్ని. జూన్ నెల. తొలకరి పడింది. విత్తనాలకు, ఎరువులకు డబ్బు కావలసిన వాళ్లతో పొద్దున పది గంటలకే హాలు నిండిపోయేది. అప్రైజరు గారు నగలను గీటురాయి మీద గీసి, తూకం వేసి, బరువు ఒక చిన్న చిట్టీ మీద రాసి నా వైపు తోసేవారు. నేను ఆ చిట్టీ చూసి కంప్యూటర్‌లో కొట్టేదాన్ని. రోజుకు ఎన్ని చిట్టీలో లెక్కే ఉండేది కాదు.

ఆ రోజు ఒక చిట్టీ మీద ఉన్న బరువు 24.86 గ్రాములు. నేను కొట్టింది 28.46.

ఆమె అడిగిన అప్పు తక్కువే కాబట్టి ఆ తేడా ఎవరి కంటా పడలేదు. పంట చేతికొచ్చాక ఆమె వడ్డీతో సహా కట్టేసి నగలు విడిపించుకోవడానికి వచ్చింది. ప్యాకెట్ సీలు విప్పి, ఆమె ముందే తూకం వేశాం. తక్కెడ 24.86 చూపించింది. ఆమె చేతిలో మేమిచ్చిన కాగితం మీద 28.46 ఉంది.

"నా మూడున్నర గ్రాములు ఏవమ్మా?" అని అడిగింది.

సీలు చెక్కుచెదరలేదు. ప్యాకెట్‌లో అప్రైజరు గారి చిట్టీ అలాగే ఉంది: గొలుసు 16.34, ఉంగరాలు రెండు కలిపి 8.52. మేనేజరు గారు ఆ రెండూ కూడి చూపించారు. నగలను మళ్లీ విడివిడిగా తూచి చూపించారు. ఆమెకు అర్థమైంది. కానీ వెళ్తూ వెళ్తూ నాతో ఒక మాట అంది: "నాకు చదువు రాదమ్మా. మీరు వేసిన అంకెనే నమ్మాను." ఆ తరువాత ఆమె మా శాఖకు రావడం నేను చూడలేదు.

దొంగతనం లేదు, మోసం లేదు. 4, 8 అనే రెండు అంకెలు నా వేళ్ల కింద చోటు మార్చుకున్నాయి, అంతే. కానీ ఒక మనిషికి బ్యాంకు మీద ఉన్న నమ్మకం కదలడానికి అది చాలింది. అప్పటి నుంచి నన్ను తొలుస్తున్న ప్రశ్న ఒకటే. తక్కెడకు తెలిసిన అంకె కంప్యూటర్‌కు చేరడానికి మధ్యలో ఒక చిట్టీ, ఒక చేతిరాత, అలసిపోయిన రెండు వేళ్లు ఎందుకు? తక్కెడే నేరుగా చెప్పకూడదా?

చెప్పగలదు. ఎలా చెబుతుందో, ఆ దారిలో ఏయే జాగ్రత్తలు కావాలో మన కుటుంబాలన్నిటికీ అర్థమయ్యేలా రాయాలని ఈ ప్రయత్నం. ఎందుకంటే ఇదే సంగతి ఇంట్లో మీ కెమెరాకు, మీ నాన్నగారి పింఛను వేలిముద్రకు, మీ పిల్లల ప్రాజెక్టు బోర్డుకు కూడా వర్తిస్తుంది.

అద్దం అవతల ఉన్న వెబ్ పేజీ

ఇప్పుడు ఏ ఆఫీసులో చూసినా సగం పని బ్రౌజర్‌లోనే జరుగుతోంది. మనం చూసే పేజీలు హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ అనే మూడు భాషలతో తయారవుతాయి. ఆ మూడూ వచ్చిన కుర్రవాళ్లు దేశమంతటా ఉన్నారు కాబట్టి కొత్త పని ఏదైనా ముందు ఆ దారిలోనే మొదలవుతుంది.

కానీ వెబ్ పేజీకి ఒక కట్టడి ఉంది. అది బ్యాంకు హాలులో నిలబడిన ఖాతాదారు లాంటిది. హాలంతా తిరగవచ్చు, ఫారం నింపవచ్చు, కౌంటర్ దగ్గర అడగవచ్చు. అద్దం దాటి లోపలికి మాత్రం రాకూడదు. మీ కంప్యూటర్‌లోని ఫైళ్లు, ప్రింటరు, స్కానరు, తక్కెడ అన్నీ అద్దానికి ఇవతల ఉంటాయి. ఇది అవమానించడానికి పెట్టిన అద్దం కాదు. మీరు రోజూ ఎన్నో ఊళ్ల, ఎందరో ముక్కూమొహం తెలియని వాళ్ల పేజీలు తెరుస్తారు. వాటిలో ప్రతిదానికీ మీ కంప్యూటర్‌కు తగిలించిన పరికరాలు ముట్టుకునే హక్కు ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి.

మన సీనియర్లకు ఒక పాత కాలం గుర్తుండే ఉంటుంది. "ఈ సైటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే తెరవాలి, యాక్టివ్ఎక్స్ వేసుకోవాలి, జావా వేసుకోవాలి" అని నోటీసులు వచ్చేవి. ఆ యాక్టివ్ఎక్స్, జావా యాప్లెట్లు అద్దానికి కొట్టిన రంధ్రాలు. వాటిలోంచి పరికరాలతో పనీ జరిగేది, వైరసులూ వచ్చేవి. అందుకే 2015లో క్రోమ్ బ్రౌజర్ ఆ తరహా పాత ప్లగిన్లన్నిటికీ తలుపు మూసేసింది. 2017లో ఫైర్‌ఫాక్స్ కూడా జావా ప్లగిన్‌ను ఆపేసింది. 2022 జూన్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరే విశ్రాంతి తీసుకుంది. రంధ్రాలు పూడాయి, బాగానే ఉంది. మరి తక్కెడ సంగతి?

మా అమ్మాయి చూపించిన దారి

జవాబు నాకు ఆఫీసులో దొరకలేదు. మా ఇంటి భోజనాల బల్ల మీద దొరికింది.

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా బడిలో టింకరింగ్ ల్యాబ్ నుంచి ఒక ఆర్డుయినో బోర్డు తెచ్చుకుంది. అరచేతిలో పట్టే సర్క్యూట్ బోర్డు అది. మొక్క కుండీలో తడి ఆరిపోతే దీపం వెలిగించాలని దాని ప్రాజెక్టు. ల్యాప్‌టాప్‌లో ఆర్డుయినో వాళ్ల కొత్త ప్రోగ్రాం తెరిచి, ఒక జాబితాలోంచి కామ్ 3 అనే పోర్టు ఎంచుకుంది. మరుక్షణం తడి కొలత అంకెలు తెర మీద వరుసగా రావడం మొదలైంది.

"అమ్మా, ఈ ప్రోగ్రాం దేనితో చేశారో తెలుసా? మా సార్ చెప్పారు. లోపలంతా వెబ్ పేజీయేనట" అంది.

అది నిజమే. 2022లో వచ్చిన ఆర్డుయినో ఐడీఈ రెండో వెర్షన్ ఎలక్ట్రాన్ అనే పునాది మీద కట్టినది. ఎలక్ట్రాన్ అంటే పెద్ద రహస్యమేమీ లేదు. క్రోమ్‌కు మూలమైన క్రోమియం బ్రౌజర్‌నూ, జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపే నోడ్‌జేఎస్‌నూ ఒకే డబ్బాలో పెట్టి, దానికి మామూలు ప్రోగ్రాంలా ఒక ఐకాన్ తగిలిస్తే అదే ఎలక్ట్రాన్ యాప్. గిట్‌హబ్ సంస్థ తన ఆటమ్ అనే ఎడిటర్ కోసం 2013లో దీన్ని ఆటమ్ షెల్ పేరుతో మొదలుపెట్టింది. 2015లో ఎలక్ట్రాన్ అని పేరు మార్చింది. ఇంజనీరింగ్ చదివే మీ పిల్లలు వాడే వీఎస్ కోడ్ కూడా దీని మీద కట్టినదే.

ఇక్కడ కిటుకు ఏమిటంటే, క్రోమియం భాగం అద్దం అవతల ఉండే పేజీని చూపిస్తుంది. నోడ్‌జేఎస్ భాగం అద్దానికి ఇవతల, లోపల కూర్చుంటుంది. దానికి ఫైళ్లు తెరిచే హక్కు, పోర్టులతో మాట్లాడే హక్కు ఉంటాయి. మా అమ్మాయి బోర్డు అంకెలు తెర మీదికి వచ్చింది ఇలాంటి ఏర్పాటుతోనే. ఆర్డుయినో సీఎల్‌ఐ అనే మరో ప్రోగ్రాం వెనక ఉండి బోర్డుతో మాట్లాడుతుంది, వచ్చింది ముందున్న పేజీకి అందిస్తుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తడి కొలిచే బోర్డుకు సాధ్యమైనది బంగారం తూచే తక్కెడకు ఎందుకు సాధ్యం కాదు? అప్పటికి నేను ఆఫీసరుగా ప్రమోషన్ తీసుకుని ప్రాంతీయ కార్యాలయంలో ఐటీ విభాగానికి వచ్చాను. ఎంసీఏ చదివి క్లర్కుగా చేరినదాన్ని కాబట్టి చేతికి కొంచెం కోడు కూడా వచ్చు. పైవాళ్ల అనుమతి తీసుకుని, ఒక తక్కెడతో, ఇద్దరు సహోద్యోగులతో ఒక చిన్న ప్రయోగం మొదలుపెట్టాం.

తక్కెడ భాష

నగలు తూచే ఎలక్ట్రానిక్ తక్కెడల్లో చాలావాటికి వెనక వైపు ఒక చిన్న సాకెట్ ఉంటుంది. అది సీరియల్ పోర్టు. యూఎస్‌బీ పుట్టకముందు నుంచీ ఉన్న పాత పద్ధతి. నేటి కంప్యూటర్లకు ఆ పోర్టు ఉండదు కాబట్టి మధ్యలో యూఎస్‌బీ కన్వర్టర్ వైరు పెడతాం.

ఆ వైరు మీద తక్కెడ అక్షరాలు ఒక్కొక్కటిగా పంపుతుంది. అక్షరానికి ఒక సంఖ్య. 24.86 అనే బరువు వైరు మీద 50, 52, 46, 56, 54 అని వెళ్తుంది. 2కు 50, 4కు 52, చుక్కకు 46, 8కి 56, 6కు 54 అన్నమాట. చివర్లో "వరుస అయిపోయింది" అని చెప్పడానికి 13, 10 అనే రెండు గుర్తులు. మా తక్కెడ వేగం సెకనుకు 9600 బిట్లు. అక్షరం ఒక్కింటికి ముందూ వెనకా గుర్తులతో కలిపి పది బిట్లు పడతాయి కాబట్టి సెకనుకు దాదాపు 960 అక్షరాలు. కంప్యూటర్‌లో కూడా అదే వేగం పెట్టాలి. ఒకరు 9600తో మాట్లాడుతుంటే మరొకరు 2400తో వింటే తెర మీద పిచ్చి గీతలు తప్ప ఏమీ రావు.

వినడానికి తేలికగానే ఉంది కదా? మేమూ అలాగే అనుకున్నాం. మొదటి రోజు 50 గ్రాముల తూకపు రాయి పెడితే తెర మీద ఒక్కోసారి 50.00 అనీ, ఒక్కోసారి 0.00 అనీ వచ్చేది. తక్కెడ చెడిపోయిందనుకున్నాం. దాని సొంత డిస్‌ప్లే మీద మాత్రం ఎప్పుడూ 50.00 కదలకుండా ఉంది.

తప్పు మా కోడుదే. వైరు మీద అక్షరాలు ఒకే మూటగా వస్తాయని మేమనుకున్నాం. అవి అలా రావు. ఒకసారి మొత్తం వరుస వస్తుంది. ఒకసారి 5 ముందు వచ్చి, మిగిలిన 0.00 కొంచెం ఆగి వస్తుంది. మేము రెండో ముక్కను మాత్రమే చదివి అదే బరువనుకున్నాం. నా పాత తప్పుకు ఇది సొంత చెల్లెలు. యంత్రాన్ని నేరుగా కలిపితే తప్పులు పోతాయనుకున్నాను. సరిగా వినకపోతే యంత్రం మాట కూడా తప్పుగానే చేరుతుంది. దిద్దుబాటు సులువే: 13, 10 గుర్తులు వచ్చేదాకా అక్షరాలన్నీ ఒక పక్కన పోగు చేసి, వరుస పూర్తయ్యాకే చదవాలి.

రెండో పాఠం కుదురు గురించి. గొలుసు పళ్లెంలో పెడుతుండగా, అది ఇంకా ఊగుతుండగా కూడా తక్కెడ అంకెలు పంపుతూనే ఉంటుంది. మంచి తక్కెడలు ప్రతి వరుస ముందు ఒక గుర్తు పెడతాయి. మా తక్కెడలో ఎస్‌టీ అంటే బరువు కుదురుకుంది, యూఎస్ అంటే ఇంకా కుదురుకోలేదు. ఎస్‌టీ ఉన్న వరుసలే తీసుకోవాలని రాసుకున్నాం.

మూడో పాఠం పోర్టు పేరు గురించి. వైరు పీకి పక్క సాకెట్‌లో పెడితే కామ్ 3 కాస్తా కామ్ 5 అవుతుంది. అందుకని పేరు మీద ఆధారపడలేం. ప్రతి యూఎస్‌బీ పరికరానికీ తయారీదారు సంఖ్య, వస్తువు సంఖ్య అని రెండు గుర్తింపులుంటాయి. ఎఫ్‌టీడీఐ సంస్థ చిప్‌లకు తయారీదారు సంఖ్య 0403. కానీ ఆ సంఖ్య చెప్పేది కన్వర్టర్ గురించే, దాని వెనక ఉన్నది తక్కెడో మరొకటో అది చెప్పదు. అందుకే మొదటిసారి ఆఫీసరే జాబితాలోంచి పోర్టు ఎంచుకుని, ఖాళీ పళ్లెం సున్నా చూపిస్తోందో లేదో సరిచూసుకోవాలని పెట్టాం.

కౌంటర్‌లో చిన్న సందు

ఇక అసలు సంగతికి వద్దాం. లోపలి భాగానికి అన్ని హక్కులూ ఉన్నాయి. బయటి పేజీకి ఏమీ లేవు. ఈ రెండూ మాట్లాడుకునేది ఎలా?

తొలి రోజుల్లో చాలామంది ఎలక్ట్రాన్ యాప్‌లు రాసేటప్పుడు అద్దమే తీసేసేవారు. పేజీకే నోడ్‌జేఎస్ హక్కులన్నీ ఇచ్చేసేవారు. పని తొందరగా అయ్యేది. కానీ ఆ పేజీలోకి ఎక్కడినుంచైనా ఒక దొంగ కోడు చొరబడితే? ఖాతాదారులందరినీ నేరుగా స్ట్రాంగ్ రూమ్‌లోకి పంపినట్టే. వాళ్లలో తొంభై తొమ్మిది మంది మంచివాళ్లే కావచ్చు. నూరో మనిషి కోసమే కదా స్ట్రాంగ్ రూమ్‌కు తలుపు పెట్టేది.

అందుకే ఎలక్ట్రాన్ రూపకర్తలు క్రమంగా కట్టుదిట్టం చేశారు. 2019లో వచ్చిన 5వ వెర్షన్ నుంచి పేజీకి ఆ హక్కులు అడిగితే తప్ప రావు. 2021లోని 12వ వెర్షన్ నుంచి పేజీ లోకం, లోపలి వంతెన లోకం వేరువేరుగా ఉండడం మామూలు పద్ధతి అయింది. 2022లోని 20వ వెర్షన్ నుంచి పేజీ నడిచే భాగం కట్టుబాటులో ఉండడమే మామూలు అయింది.

ఇప్పుడు సరైన పద్ధతి ఏమిటంటే, అద్దంలో కౌంటర్ దగ్గర ఉన్నట్టు ఒక చిన్న సందు పెట్టాలి. దాన్ని ప్రీలోడ్ అంటారు. ఆ సందులోంచి ఏ ఏ చిట్టీలు లోపలికి పంపవచ్చో ముందే నిర్ణయించాలి. మా యాప్‌లో రెండే చిట్టీలు: "బరువు చదువు", "సున్నా చెయ్". పేజీ ఈ రెండు మాటలు తప్ప ఏమి అడిగినా లోపలికి చేరదు. "ఫలానా పోర్టు తెరువు", "ఫలానా ఫైలు ఇవ్వు" అని అడిగే మార్గమే లేదు. లోపల కూర్చున్న భాగం కూడా కళ్లు మూసుకుని పని చేయదు. చిట్టీ మన పేజీనుంచే వచ్చిందా, తక్కెడ పంపినది నిజంగా అంకేనా, అది తక్కెడ మోయగల బరువు లోపలే ఉందా అని చూసి మరీ జవాబిస్తుంది.

మా సమావేశంలో ఒక కుర్ర సహోద్యోగి అడిగాడు: "మేడమ్, అన్నీ తెరిచిపెడితే రేపు ప్రింటరు, స్కానరు కూడా కలుపుకోవచ్చు కదా? ప్రతిసారీ ఎందుకు తిరిగి రాయడం?" నేను చెప్పింది ఇదే: "బాబూ, రేపు ప్రింటరు వచ్చినప్పుడు ప్రింటరుకు ఒక చిట్టీ చేద్దాం. ఈ రోజు అవసరం లేని తలుపును ఈ రోజు తెరవొద్దు."

బ్రౌజరే తలుపు తెరిస్తే

వేరే దారులు లేవా అని మీకు అనుమానం రావచ్చు. ఉన్నాయి.

ఒకటి, కంప్యూటర్‌లోనే ఒక చిన్న సేవకుడిని కూర్చోబెట్టడం. ఆధార్ వేలిముద్ర యంత్రాలకు ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రాం వేసుకుంటాం, గుర్తుందా? అది 127.0.0.1 అనే, కంప్యూటర్ తనను తాను పిలుచుకునే చిరునామాలో, 11100 నుంచి 11120 వరకు ఉన్న పోర్టుల్లో ఏదో ఒకదాని మీద చెవి పెట్టి కూర్చుంటుంది. పేజీ దాన్ని అడుగుతుంది, అది యంత్రాన్ని అడుగుతుంది. వేలిముద్ర బయటికి వెళ్లేలోపే తాళం వేసినట్టు సంకేతాల్లోకి మారిపోతుంది. పేజీకి ముడి వేలిముద్ర అందదు. 2014 నవంబరులో మొదలైన జీవన్ ప్రమాణ్‌లో పెద్దవాళ్లు వేలు పెట్టినప్పుడు వెనక ఇంత కథ నడుస్తుంది. వేలు పెట్టగానే "డివైస్ దొరకలేదు" అని వస్తే చాలాసార్లు వేలి తప్పు కాదు, ఈ సేవకుడు నిద్రపోయి ఉంటాడు. దాన్ని మళ్లీ లేపితే సరి. పాపం పెద్దవాళ్లు తమ వేళ్లు అరిగిపోయాయని బాధపడుతుంటారు.

రెండో దారి, బ్రౌజరే మర్యాదగా తలుపు తెరవడం. 2017లో క్రోమ్‌లో వెబ్‌యూఎస్‌బీ వచ్చింది. 2021లో వెబ్ సీరియల్, వెబ్ హెచ్‌ఐడీ వచ్చాయి. ఇక్కడ పద్ధతి మన లాకరు లాంటిది. లాకరుకు బ్యాంకు తాళంచెవి ఒకటి, ఖాతాదారు తాళంచెవి ఒకటి. రెండూ తిరిగితేనే తెరుచుకుంటుంది. అలాగే పేజీ అడగాలి, మీరు జాబితాలోంచి పరికరాన్ని ఎంచి ఒప్పుకోవాలి. మీరు ఒప్పుకున్న ఆ ఒక్క పరికరమే కనిపిస్తుంది.

అయినా ప్రమాదం లేకపోలేదు. కొన్ని భద్రతా తాళాలుంటాయి, యూఎస్‌బీలో పెట్టి ఖాతాలోకి వెళ్లడానికి వాడేవి. నకిలీ సైటుకు అవి లొంగవని పేరు. 2018లో ఇద్దరు పరిశోధకులు, మనిషి చేత ఒప్పించగలిగితే నకిలీ సైటు వెబ్‌యూఎస్‌బీ దారిలో అలాంటి ఒక తాళంతో కూడా మాట్లాడగలదని చూపించారు. ఆ పరికరాలకు క్రోమ్ వెంటనే ఆ దారి మూసేసింది. ఇలాంటి భయాలతోనే సఫారీ, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు వెబ్‌యూఎస్‌బీని తీసుకోలేదు. రెండు తాళాలున్న లాకరు కూడా, రెండో తాళం ఉన్న మనిషిని మాయ చేస్తే తెరుచుకుంటుంది. మనం రోజూ వినే ఓటీపీ మోసాల కథ కూడా ఇదే కదా.

మరి డెస్క్‌టాప్ యాప్‌లో ఈ రెండో తాళం ఉంటుందా? ఎలక్ట్రాన్ తనంతట తాను ఆ జాబితా కిటికీ చూపించదు. చూపించాలో వద్దో యాప్ రాసేవాళ్ల ఇష్టం. మేము ఆఫీసరు చేతనే పోర్టు ఎంపిక చేయించడానికి కారణం అదే.

తెర ఎటు తిప్పాలి?

ప్రయోగం మొదలైన తొలి వారాల్లో అప్రైజరు గారు కొంచెం ముభావంగా ఉన్నారు. "ఇక నా పని కూడా మీ కంప్యూటరే చేస్తుందామ్మా?" అని అడిగారు. లేదండీ అన్నాను. తక్కెడ చెప్పేది పళ్లెంలో ఉన్న మొత్తం బరువే. అందులో రాళ్లెంత, లక్క ఎంత, దారం ఎంత, బంగారం 22 క్యారెట్లా కాదా, ఇవన్నీ ఆయన కళ్లకు, గీటురాయికి మాత్రమే తెలుస్తాయి. నూటికి 91.6 పాళ్ల బంగారమా కాదా అని వైరు చెప్పలేదు. ఆ మాట అన్నాక ఆయనే మాకు మంచి సలహా ఇచ్చారు. "అంకె మీ వైపు కాదు, ఆమె వైపు కనబడనివ్వండి" అన్నారు.

అప్పటి నుంచి రెండో తెర ఒకటి ఖాతాదారు వైపు తిప్పి పెట్టాం. నగ పెట్టగానే బరువు పెద్ద అంకెల్లో వస్తుంది. అది కుదురుకున్నాక "తీసుకో" అనే మీట ఆఫీసరు నొక్కాలి. మీట నొక్కకుండా ఏ అంకే దానంతట అది ఎక్కదు. నొక్కిన అంకెను ఖాతాదారుకు వినబడేలా ఒకసారి చదవాలి. చదువు రానివాళ్లు కూడా తక్కెడ మీది గుర్తులను, తెర మీది గుర్తులను పక్కపక్కన పోల్చి చూసుకుంటారు. ఒక పెద్దావిడ వేలితో రెండు చోట్లా అంకెలు వరుసగా చూపించి "సరిపోయిందమ్మా" అంది. నాకు వెంటనే ఆ 28.46 గుర్తొచ్చింది.

ఇబ్బందులు లేవని చెప్పను. ప్రతి ఎలక్ట్రాన్ యాప్ తనతో ఒక పూర్తి బ్రౌజర్‌ను మోసుకొస్తుంది, వంద ఎంబీ పైమాటే. పాత కంప్యూటర్లు ఆయాసపడతాయి. టౌరీ లాంటి కొత్త పునాదులు కంప్యూటర్‌లో ఉన్న బ్రౌజర్ భాగాన్నే వాడుకుంటాయి కాబట్టి తేలికగా ఉంటాయి. కరెంటు పోయినప్పుడు, వైరు వదులైనప్పుడు పాత చిట్టీయే గతి. అందుకే చిట్టీని మేము తీసేయలేదు. ఇప్పుడది సాక్షిగా ఉంటుంది.

ఇంట్లో గుర్తుంచుకోవలసినవి

1. బ్రౌజర్‌లో "కెమెరా వాడుకోనా, మైకు వాడుకోనా, యూఎస్‌బీ పరికరం కలపనా" అని కిటికీ వస్తే, ఆ పని మీరు మొదలుపెట్టిందేనా అని ముందు ఆలోచించండి. మీరు అడగని అనుమతి మీ తలుపు తడితే తెరవకండి. పాత అనుమతులను అడ్రసు పక్కన ఉన్న గుర్తు నొక్కి ఎప్పుడైనా తీసేయవచ్చు.

2. కంప్యూటర్‌లో వేసుకునే యాప్ బ్రౌజర్ పేజీ లాంటిది కాదు. చూడడానికి అలాగే ఉన్నా దానికి లోపలి తాళంచెవులు కూడా ఇస్తున్నారు. ఫోన్‌లో ఎవరో "ఈ చిన్న యాప్ వేసుకోండి, మీ సమస్య సరిచేస్తాం" అంటే వేసుకోకండి. మోసపోయామని అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

3. యాప్‌ల అప్‌డేట్లు వాయిదా వేయకండి. ఎలక్ట్రాన్ యాప్‌లో ఒక బ్రౌజర్ దాగి ఉంటుంది. యాప్ పాతదైతే లోపలి బ్రౌజరూ పాతదే, దాని లోపాలూ అలాగే ఉంటాయి.

4. దారిలో దొరికిన, ఎవరో ఉచితంగా ఇచ్చిన యూఎస్‌బీ వస్తువులు తగిలించకండి. దుకాణంలో బార్‌కోడ్ స్కానర్ చాలావరకు కంప్యూటర్‌కు కీబోర్డులాగే పరిచయం చేసుకుంటుంది. కంప్యూటర్ కీబోర్డును అనుమానించదు. పెన్‌డ్రైవ్ వేషంలో ఉన్న వస్తువు కూడా అలా కీబోర్డునని చెప్పుకోగలదని 2014లోనే భద్రతా పరిశోధకులు చేసి చూపించారు.

5. పిల్లలు ఆర్డుయినో లాంటి బోర్డులతో ఆడుకుంటామంటే ఆడుకోనివ్వండి. పక్కన కూర్చుని చూడండి. నాకు దొరికినట్టు మీకూ ఏదో ఒకటి దొరకవచ్చు.

ఆ కౌంటర్ వదిలి చాలా కాలమైంది. మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. మొన్న ప్రయోగం నడుస్తున్న శాఖకు పని మీద వెళ్లినప్పుడు దాన్ని కూడా తీసుకెళ్లాను. తెర మీది అంకెను చూసి, "అమ్మా, కనెక్షన్ పెట్టడం నా బోర్డు అంత సులువేనా?" అని అడిగింది. కనెక్షన్ సులువే, దాని చుట్టూ ఎన్ని తలుపులు మూసి ఉంచాలో తెలుసుకోవడమే కష్టమైందని చెప్పాను. అది కాసేపు ఆలోచించి, "మరి ఆ మొదటి ఆవిడకు ఇది చూపించావా?" అంది.

చూపించలేదు. ఆమె ఊరు నాకు గుర్తుంది. ఈసారి తొలకరికి ముందు వెళ్లి కలవాలనుకుంటున్నాను.